ఏడో జాడీ

పోయిన వారం మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి పోయానని తిట్టుకున్నవాళ్ళు తిట్టుకోండి. నాకిచ్చిన పేజీలు అయిపోయాయి, కారు అప్పుడే ఆగింది, నేనేం చెయ్యను? కొత్తగా వచ్చినవాళ్ళకు సంగతి చెప్పి, అందరినీ మళ్ళీ అదే గుమ్మంలోకి తీసుకెళ్తాను.

శనివారం, పొద్దున్న పదకొండు గంటలు, పూలకొట్టు. కొట్టు నడిపే ఆవిడ భుజం మీద ఎప్పుడూ రెండు మూడు రిబ్బను ముక్కలు వేలాడుతుంటాయి కనుక వీధంతా ఆవిడని రిబ్బనమ్మ అంటుంది. సహాయానికి అత్తగారు, వ్యాను తోలడానికి మరిది. నాలుగు నెలల క్రితం ఒక పెద్ద కంపెనీ వాళ్ళ పూల ఆర్డరు ఈ కొట్టుకు దక్కింది. ఆ కంపెనీ తనతో వ్యాపారం చేసే ఆరు ఆఫీసులకు వారం వారం పూలు పంపుతుంది. సంతకాలు చేసిన ఒప్పందాల కంటే బల్ల మీద నవ్వే పూలే బంధాన్ని నిలబెడతాయని వాళ్ళ నమ్మకం.

పూలు కొట్టువే గానీ జాడీలు కంపెనీవి. తెల్లటి, మందపాటి పింగాణీ జాడీలు, ఒక్కోదాని అడుగున ఒక్కో నంబరు. సోమవారం పూలతో వెళ్ళి శుక్రవారం సాయంత్రం ఖాళీగా తిరిగొస్తాయి. నెలకోసారి కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళి మెరుగు పెట్టించి తెస్తారు. పెట్టిన షరతులు రెండే. ఏ నంబరు జాడీ ఆ ఆఫీసుకే వెళ్ళాలి. కొట్టులో ఎవరూ జాడీలు కడగకూడదు.

నాలుగో నంబరు జాడీ వెళ్ళే ఆఫీసులోనే రిబ్బనమ్మ అన్నయ్య పని చేస్తాడు. పది రోజుల క్రితం ఆ ఆఫీసువాళ్ళు గుట్టుగా దాచుకున్న టెండరు రేటు ఎలాగో ఈ పెద్ద కంపెనీకి చేరిపోయింది. రేటు తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇద్దరు యజమానులు, మూడోవాడు అన్నయ్య. నింద ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? ఈ రోజు నాలుగు గంటలకు విచారణ. శనివారమైతే ఆఫీసు ఖాళీగా ఉంటుంది, నలుగురిలో పరువు పోదని దయగల యజమానులు పెట్టిన ముహూర్తం. తేలకపోతే ఉద్యోగం పోతుంది, ఆ పైన పోలీసు కేసు.

ఈ పొద్దున్న పెరట్లో అత్తగారు నాలుగో జాడీలో వేడినీళ్ళు పోసి తోముతుండగా రిబ్బనమ్మ చూసింది. వద్దని కేక వేసే లోపలే జాడీ అడుగు బిళ్ళ ఊడి, చొక్కా గుండీ అంత నల్లటి వస్తువొకటి సన్నటి తీగతో సహా జారి పడింది. చదువు తక్కువైనా రిబ్బనమ్మకు అది దొంగచాటుగా మాటలు వినే పరికరమని అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. అత్తగారిని లోపలి గదిలోకి లాక్కెళ్ళి, తలుపు వేసి, గుసగుసగా చెప్పింది.

"అత్తయ్యా, ఇది మా అన్నయ్య ప్రాణం అనుకోండి. కొంగున ముడేసుకోండి. ఎవరడిగినా ఇవ్వకండి. రెండింటికి మరిది వ్యాను తెస్తాడు, పట్టుకెళ్ళి అన్నయ్య చేతిలో పెడతాడు."

ముడి పడి పది నిమిషాలు కాలేదు. వీధిలో కంపెనీ కారు ఆగింది. నెల మొదటి శనివారం తప్ప ఇటు తొంగి చూడని మనిషి అందులోంచి దిగాడు. ఇంతవరకే పోయిన వారం.

దిగినాయన కంపెనీలో బయటివాళ్ళతో సంబంధాలు చూసుకునే ఆఫీసరు. మాట అంత మెత్తన కాబట్టి అత్తగారు ఆయనకు వెన్నపూస అని పేరు పెట్టింది. ఆయన ఎదుట మాత్రం నాయనా అంటుంది. మనిషి లోపలికొచ్చాడు. చెయ్యి చాచి బకెట్లోని గులాబీ ఒకటి తీసి వాసన చూసి, మళ్ళీ అదే బకెట్లో జాగ్రత్తగా పెట్టాడు.

"ఎలా ఉన్నారమ్మా? పెద్దమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండీ" అంది రిబ్బనమ్మ. తన గుండె చప్పుడు ఆయనకు వినబడుతుందేమోనని చేతిలోని కత్తెర అవసరం లేకపోయినా టకటకలాడించింది.

"ఇటుగా వెళ్తూ జాడీలు ఒకసారి చూసిపోదామని. ఈసారి మొదటి శనివారం దాకా ఆగకుండా పట్టుకెళ్తాను. మెరుగు పెట్టేవాడు ఖాళీగా ఉన్నాడు."

జాడీలు ఆరూ బల్ల మీదే ఉన్నాయి. అయిదు బోర్లించి ఉన్నాయి. కారు చప్పుడు వినగానే రిబ్బనమ్మ చేసిన పని ఒక్కటే. ఊడిన బిళ్ళను కాడలు చుట్టే ఆకుపచ్చ టేపుతో అంటించి, నాలుగో జాడీ నిండా నీళ్ళు పోసి, చేతికందిన లిల్లీలన్నీ అందులో గుచ్చేసింది. పూలున్న జాడీని ఎవరూ బోర్లించి చూడరు కదా. భయంలో పుట్టిన ఉపాయాలన్నీ ఇలాగే ఉంటాయి, పుట్టినప్పుడు మహా గొప్పగా కనిపిస్తాయి.

వెన్నపూస ఒక్కో జాడీ ఎత్తి, అడుగు చూసి, నంబరు చదివి పక్కన పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. తర్వాత అయిదు, ఆరు. లిల్లీల జోలికి పోలేదు. అన్నీ అయ్యాక చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, లిల్లీల జాడీ ముందు నిలబడ్డాడు.

"నాలుగు మాత్రం ముస్తాబైంది. ఈ రోజు శనివారం కదమ్మా?"

"అదీ... ఒక ఆర్డరు వచ్చిందండీ. ఇప్పటికిప్పుడు కావాలంటే, వేరే జాడీ దొరక్క..."

"ఎవరి ఆర్డరు?"

ఈ వీధిలో రిబ్బనమ్మకు తెలిసిన మనుషులంతా ఒక్కసారిగా బుర్రలోంచి మాయమయ్యారు. దర్జీ గుర్తు రాడు, మందుల కొట్టు ఆయన గుర్తు రాడు. జాడీ కింద బల్ల మీద నీటి చెమ్మ మెల్లగా పాకుతోంది. టేపు ఆగడం లేదు. ఆ చెమ్మ మీదికి ఒక గుడ్డముక్క జరిపి, ఆ గుడ్డముక్క మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆయన చూపు ఆ చేతి మీదే ఉంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు లోపలి గదిలోంచి వచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా పంపడం ఆవిడ వల్ల కాదు, అతను దొంగైనా సరే. స్టవ్వు మీద కెటిల్ పెట్టి మరీ వచ్చింది. కుడి చేతిలో కొంగు చివర బిగించి పట్టుకుని ఉంది. అలా పట్టుకోవద్దని రిబ్బనమ్మ కళ్ళతో ఎంత చెప్పినా ఆవిడకు కళ్ళ భాష రాదు.

"ఏం నాయనా, జాడీలు చూస్తున్నావా? చూడు, చూడు. ఎలా మెరుస్తున్నాయో చూడు. మీవాళ్ళు నెలకోసారి ఏం మెరుగు పెడతారో గానీ, లోపల వేలు పెడితే పాచి! జారిపోతోంది. మంది ఇంటికి పోయే గిన్నె అడుగు మెరవకపోతే మాట పడేది పంపినవాళ్ళే. అందుకే నేనే కడిగా."

రిబ్బనమ్మ కళ్ళు మూసుకుంది.

"కడిగారా?" అన్నాడు వెన్నపూస. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"మరిగే నీళ్ళు, బ్లీచింగు పొడి. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే తోమేస్తా. కోడలికి కూడా చెప్పలేదు, వద్దంటుందని. ఇది మూడో వారం."

మూడో వారం!

రిబ్బనమ్మ కళ్ళు తెరిచింది. అత్తగారు ఈ పొద్దున్నే మొదటిసారి కడిగిందని ఆమె అనుకుంది. మూడో వారమంటే ఆ గుండీలు చచ్చి రెండు వారాలు. వెన్నపూస కూడా అదే లెక్క వేసుకుంటున్నాడని అతని ముఖం చూస్తే తెలిసింది. ఆ ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత కోపం, ఆ తర్వాత, ఇదే ఆమెను వణికించింది, ఒక రకమైన తీరిక కనిపించాయి. పోయిందనుకున్న వస్తువు అలమరలో దొరికినవాడిలా ఊపిరి వదిలాడు.

"అందుకన్నమాట" అన్నాడు.

గుమ్మం దగ్గరికి నడిచి, కొట్టు షట్టరు సగానికి దించాడు. బయటి ఎండ వాళ్ళ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. షట్టరు చప్పుడుకు పక్క కొట్టు ఆయన తొంగి చూస్తాడేమోనని రిబ్బనమ్మ ఆశపడింది. ఎవరూ చూడలేదు.

"పెద్దమ్మగారూ" అన్నాడు వెన్నపూస వెనక్కి తిరిగి. "మీ కొంగు ముడిలో ఉన్నది మీరే ఉంచుకోండి. నాకు అక్కర్లేదు."

అత్తగారు కొంగును గుండెలకు అదుముకుంది. రిబ్బనమ్మ చేతి కింది గుడ్డముక్కను బల్లకేసి అదిమింది. కొంగు ముడి సంగతి ఇతనికెలా తెలుసు? చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళు లేరు. పెరట్లో కూడా కాదు, లోపలి గదిలో, తలుపు మూసి, గుసగుసగా చెప్పిన మాట అది.

"ఏ ముడి అండీ?" అంది. ఆ మాట తనకే వినబడలేదు.

"దాన్ని నాలుగింటికి పట్టుకెళ్ళి చూపిద్దామనుకున్నావు. ఇదిగో, వినేది ఇది, మా అన్నయ్య కాదు అని." అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వులోకి దిగాడు. గొంతు ఏమాత్రం పెరగలేదు. పెరిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. "చూపించు. ఎవరైనా విప్పి చూస్తారు. ఇది రెండు వారాల క్రితమే నీళ్ళు తాగి చచ్చిందంటారు. రేటు బయటికి పోయింది పది రోజుల క్రితం. చచ్చినది వినదమ్మా. అప్పుడు ఏమంటారు? వినేది చచ్చిపోయాక కూడా రేటు పోయిందంటే, మోసింది మనిషే అంటారు. నువ్వు తీసుకెళ్ళేది మీ అన్నయ్యను కాపాడేది కాదు, ముంచేది."

తేలు కుట్టిన దొంగలా ఉండాల్సింది అతను. తల దించుకున్నది రిబ్బనమ్మ.

"ఇంకో మాట కూడా చెప్తా, నీ మంచికే. ప్రతి సోమవారం ఆ జాడీలు దించింది ఎవరి వ్యాను? మీ మరిది తోలేది. దించినట్టు సంతకం ఎవరిది? నీది. పదిహేడు సోమవారాలు, ఒక్కోటికీ ఆరు సంతకాలు. మా కంపెనీ పూలు పంపమంది, అంతే. జాడీలో ఎవరేం పెట్టారో మాకేం తెలుసు?"

"నాయనా, అది ఏం మాట?" అంది అత్తగారు. ఆవిడకు విషయం సగమే అర్థమైంది గానీ, ఆ గొంతు వెనక ఉన్నదేమిటో పూర్తిగా అర్థమైంది. "పొట్ట కూటి కోసం పూలమ్ముకునేవాళ్ళం..."

"అమ్ముకోండి పెద్దమ్మగారూ. ఎవరు వద్దన్నారు? నోరు మెదపకుండా అమ్ముకుంటే ఈ ఆర్డరు ఇంకో పదేళ్ళు మీదే."

లోపల కెటిల్ సన్నగా కూత మొదలుపెట్టింది. అత్తగారు అలవాటుగా అటు కదిలింది. భయం వేసినా, బాధ వేసినా ఆవిడ చేతులకు ఏదో ఒక పని కావాలి. రిబ్బనమ్మ చూపు ఆవిడ వెంట లోపలి గదిలోకి వెళ్ళింది. చిన్న గది. ఒక స్టవ్వు, రెండు స్టూళ్ళు, గోడకు ఒక అర. అర మీద టీ డబ్బా, పంచదార డబ్బా, వాటి పక్కన తెల్లటి పింగాణీ జాడీ.

ఏడో జాడీ.

దానికి నంబరు లేదు. ఆర్డరు కుదిరిన రోజున వెన్నపూస రెండు చేతులతో ఇచ్చాడు. మీకూ మాకూ మధ్య బంధానికి గుర్తు, ఇది మీ ఇంటికి, కొట్టుకు కాదు అన్నాడు. ఇంత పెద్ద కంపెనీ తనను గుర్తుపెట్టుకుందని రిబ్బనమ్మ ఆ రోజు అత్తగారికీ, మరిదికీ, వీధిలో సగం మందికీ చెప్పుకుంది. వాడిపోని కాగితం పూలు కొని మరీ అందులో పెట్టుకుంది. నెలకోసారి ఆయనే దాన్ని తీసుకెళ్ళి, మెరుగు పెట్టించి, మర్నాడు తెచ్చి ఇచ్చేవాడు. ఎంత మర్యాద అనుకుంది.

అత్తగారు దాన్ని కడగలేదు. ఎందుకు కడుగుతుంది? మంది ఇంటికి పోయే గిన్నెకే ఆవిడ దగ్గర అంత మర్యాద. మనింటి గిన్నె ఎక్కడికి పోతుంది, రేపు తోముకోవచ్చు.

ఆ అర కిందే అన్నయ్య స్టూలు. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చి కూర్చుని, రెండు టీలు తాగి, వారం రోజుల ఆఫీసు కబుర్లన్నీ చెల్లెలి ముందు విప్పేవాడు. పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం, గ్లాసు కింద పెడుతూ అన్నాడు: ఈసారి మాకు తిరుగులేదే చెల్లీ, ఈ రేటుకి ఎవడూ రాలేడు. రేటు ఎంతో కూడా చెప్పాడు. రిబ్బనమ్మ రిబ్బను కత్తిరించుకుంటూ ఊ కొట్టింది. ఆ అంకె ఆమెకు అప్పుడే గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవాల్సిన చెవి వేరే ఉంది, అన్నయ్య నెత్తి మీద, టీ డబ్బా పక్కన.

ఎవరికీ చెప్పలేదు చెల్లీ, నీ మీద ఒట్టు అని నిన్న ఏడ్చాడు అన్నయ్య. అది అబద్ధం కూడా కాదు. ఇంట్లో కూర్చుని చెల్లెలితో చెప్పుకున్న మాట, చెప్పిన లెక్కలోకి వస్తుందని ఏ అన్నయ్య అనుకుంటాడు? గోడలకు చెవులుంటాయని పెద్దలు హెచ్చరించారు గానీ, బహుమతులకు ఉంటాయని చెప్పలేదు. మెచ్చుకుని ఇచ్చారని మురిసి ఆ చెవిని ఇంట్లో పెట్టుకున్నది తనే. అన్నయ్య నెత్తి మీద పెట్టింది తనే.

మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. ఆ జాడీని నీళ్ళు తాకలేదు. అంటే అందులో ఉన్నది బతికే ఉంది. ఈ పొద్దున్న గుసగుస విన్నది. ఇప్పుడు కూడా వింటోంది. బతికున్నదాన్ని పట్టుకెళ్ళి, నలుగురి ముందు విప్పి, ఇదిగో, ఆదివారం ఇది మా ఇంట్లోనే ఉంది, కంపెనీవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది, దీని ముందే అన్నయ్య మాట్లాడాడు అని చెబితే? సంతకం పెట్టి ఎవరికీ అప్పజెప్పని జాడీ అది ఒక్కటే. అన్నయ్య ప్రాణం కొంగు ముడిలో లేదు. అర మీద ఉంది.

ఆమె వెంటనే చూపు మరల్చుకుంది. కానీ ఆలస్యం చేసింది. వెన్నపూస ఆమె కళ్ళు ఎక్కడికి వెళ్ళాయో, అక్కడ ఎంతసేపు ఆగాయో చూస్తూనే ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న బల్ల మీద లిల్లీల కింది చెమ్మ గుడ్డను దాటి, అంచు దాకా వచ్చి, చుక్కలుగా నేల మీద పడుతోంది. అతను ఆ చుక్కల వైపు కూడా చూడలేదు.

"పెద్దమ్మగారూ" అని లోపలికి కేక వేశాడు. మళ్ళీ అదే వెన్న. "ఆ అర మీది జాడీ కూడా ఇచ్చెయ్యండి. దాన్నీ మెరుగుకు పట్టుకెళ్తాను. టీ వద్దులెండి, నాకు టైమైంది."

రిబ్బనమ్మ ఒక అడుగు వేసింది. అతను లోపలి గది గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు, గోడకు ఆనుకుంటున్నట్టు, ఏమీ ఎరగనట్టు. "నూట రెండు సంతకాలు" అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా. "మీ మరిదికి పెళ్ళి కూడా కాలేదు కదూ?"

ఆమె ఆగిపోయింది.

లోపల అత్తగారు కాగితం పూలు తీసి స్టూలు మీద పెట్టి, జాడీని వెలుతురుకు ఎత్తి, లోపలికి చూసి ముఖం చిట్లించింది.

"అయ్యో, ఎంత దుమ్మో! మా ఇంట్లోదే కదా అని ఊరుకున్నా. నీ చేతికి ఇలా ఎలా ఇస్తాను నాయనా? ఒక్క నిమిషం ఆగు. నీళ్ళు కాగే ఉన్నాయి."

నాలుగు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని మరీ కడగొద్దు, కడగొద్దు అని చెప్పిన మనిషి, ఆ మాటకు మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు.

"కడిగే ఇవ్వండి, పెద్దమ్మగారూ" అన్నాడు. "బాగా మరిగిన నీళ్ళే పొయ్యండి."

అత్తగారు పిడి కాలకుండా కొంగుతో కెటిల్ పట్టుకుంది. దేనికీ పనికిరాని ఆ ముడి ఆవిడ మణికట్టు కింద ఊగుతోంది. అరిస్తే మునిగేది తనూ మరిదీ. అరవకపోతే అన్నయ్య. రిబ్బనమ్మ నోరు తెరిచింది. లోపల అత్తగారు జాడీ మీదికి కెటిల్ వంచింది.